సైనిక భర్తీ డాక్యుమెంటరీల పాత రీళ్లకు గిరాకీ ఎందుకు? ఇంట్లో దొరికినవాటిని ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పరకాలలోని పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, సమాచార శాఖ ప్రచార వ్యాన్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేసిన మీ తాతగారి ట్రంకు పెట్టెలో 16 ఎం.ఎం. వెడల్పు ఫిలిం డబ్బాలు దొరికాయి. వాటిలో రెండింటి మీద సైన్యంలో చేరమని యువకులను పిలిచే డాక్యుమెంటరీల పేర్లు తెలుగులో రాసి ఉన్నాయి. హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, చూడకుండానే మొత్తం కొంటానంటున్నాడు. ప్రభుత్వ ప్రచార చిత్రాలను ఎవరైనా డబ్బు పెట్టి ఎందుకు కొంటారు, వీటిని అమ్మవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. గిరాకీ ఉన్న మాట నిజం, అయితే కొనేవారు దేశంలో కొద్దిమందే. అందువల్ల నిధి దొరికిందని సంబరపడనక్కరలేదు, చెత్త అనుకుని పాత సామాన్లవాడికి తూకానికి వేయనూ కూడదు. రీలులో తెలుగు వ్యాఖ్యానం ఉంటే, ఆ సౌండ్‌కు డిజిటల్ నకలు తీయించేవరకు దానిని ఎవరి చేతికీ ఇవ్వకండి. కారణాలు కింద వివరిస్తాను. నేను వరంగల్, హనుమకొండ థియేటర్లలో చాలాకాలం ఆపరేటర్‌గా పనిచేసి, ప్రొజెక్టర్ క్యాబిన్ వదిలిన తర్వాత 16 ఎం.ఎం. ప్రింట్ల (ప్రదర్శనకు తీసిన ఫిలిం కాపీల) సేకరణలో పడ్డవాడిని. ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం ఫిలింను చేత్తో పట్టుకుని నేర్చుకున్నవే.

ముందుగా ఈ చిత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం 1940లో ఫిల్మ్ అడ్వైజరీ బోర్డును, 1943లో దాని స్థానంలో ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియాను ఏర్పాటు చేసి, సైన్యంలో చేరమనే చిత్రాలు, యుద్ధ వార్తా చిత్రాలు తీయించింది. వాటికి తెలుగు రూపాలు కూడా ఉండేవి. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు, వారంతా నిర్బంధం లేకుండా తమంతట తాము చేరినవారే. నిర్బంధ భర్తీ లేని చోట ఒప్పించడమే మార్గం కాబట్టి, సినిమాను ఆ పనికి వాడుకున్నారు. 1946లో ఆ సంస్థను మూసివేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత 1948లో కేంద్ర ప్రభుత్వం బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్‌ను స్థాపించింది. మీ పెట్టెలో ఉన్నవి చాలావరకు ఈ ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలే అయి ఉండాలి, ఎందుకంటే ప్రచార వ్యాన్లు ఊరూరా తిప్పినవి ప్రధానంగా అవే.

థియేటర్లకు 35 ఎం.ఎం. ప్రింట్లు వచ్చేవి. లైసెన్సు షరతు ప్రకారం ప్రతి ఆటకు ముందు ఆమోదం పొందిన చిత్రం ఒకటి తప్పనిసరిగా వేయాల్సి వచ్చేది, దానికి వారం వసూళ్లలో ఒక శాతం అద్దెగా కట్టాల్సి వచ్చేది. మా ప్రేక్షకులు డాక్యుమెంటరీ ఏదైనా సరే దానిని న్యూస్ రీలు అనే పిలిచేవారు, అది అయిపోయేవరకు సగం మంది బయట చాయ్ దగ్గరే నిలబడేవారు. ఊళ్లలో మాత్రం అలా కాదు. బడి ముందరో, గ్రామపంచాయతీ దగ్గరో తెర కట్టి వ్యాన్‌వారు వేసే బొమ్మ అక్కడ ఏకైక సినిమా, కాబట్టి జవాన్ల కవాతును కూడా జనం కదలకుండా చూసేవారు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, 16 ఎం.ఎం. ప్రింట్లు ఊళ్లలో పదేపదే ఆడి బాగా అరిగిపోయాయి, అందువల్ల మంచి స్థితిలో దొరికేవి తక్కువ.

ఇక కొనేవారి సంగతి. నాకు పరిచయమైన సేకరించేవారిలో మూడు రకాల మనుషులు ఉన్నారు. మొదటి రకం సైనిక చరిత్ర మీద మక్కువ ఉన్నవారు. వారికి కథతో పనిలేదు. బెల్టు బకిల్, టోపీ మీది బ్యాడ్జి, తుపాకీ, లారీ మోడల్ చూస్తారు. ఫీచర్ సినిమాల్లో సైనికుడి దుస్తులు అద్దెకు తెచ్చినవి కాబట్టి వాటిని నమ్మలేము. భర్తీ చిత్రంలో ఉన్నది నిజమైన శిక్షణ కేంద్రం, నిజమైన రంగరూట్లు (కొత్తగా చేరినవారు), ఆనాడు వారు వేసుకున్న నిజమైన దుస్తులు. బెంగళూరులో ఒక సేకర్త నా దగ్గర గీతలు పడి, సగం తెగిన రీలును కేవలం పదిహేను సెకన్ల డ్రిల్ దృశ్యం కోసం తీసుకున్నారు. రెండో రకం ఫిలిం అనే వస్తువునే ప్రేమించేవారు. వారికి ప్రింట్ శుభ్రత, రంగు, పూర్తి నిడివి ముఖ్యం. మూడో రకం వారు అసలు సేకర్తలే కారు, తమ తండ్రో తాతో శిక్షణ పొందిన చోటును చూడాలనుకునే కుటుంబాలు. మన ప్రాంతం నుంచి సికింద్రాబాద్‌లోని ఈ.ఎం.ఈ. సెంటర్, ఏ.ఓ.సి. సెంటర్, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్ వంటి శిక్షణ కేంద్రాల మీదుగా సైన్యంలోకి వెళ్లినవారు ఊరూరా ఉన్నారు. హుస్నాబాద్ వైపు ఒక రిటైర్డ్ సుబేదారు గారి ఇంట్లో నేను ఒక రీలు వేసినప్పుడు ఆయన తెర దగ్గరికి వెళ్లి, ఏ బ్యారక్ ఎటు ఉండేదో వేలితో చూపించి పిల్లలకు చెప్పారు. అలాంటి కుటుంబాలు డబ్బు పెద్దగా ఇవ్వలేవు, కానీ ప్రింట్‌లో ఏముందో వారు చెప్పినంత కచ్చితంగా ఏ జాబితా కూడా చెప్పదు.

వీటికి తోడు ఆ చిత్రాల తీరులోనే ఒక ఆకర్షణ ఉంది. దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి: పొలంలో యువకుడు, ఊరికి వచ్చిన భర్తీ అధికారి, ఛాతీ కొలత, శిక్షణ, ఆటలు, భోజనశాల, ఆ తర్వాత సెలవు మీద యూనిఫాంతో ఊరికి తిరిగి రావడం. యుద్ధం గురించి చెప్పేది తక్కువ. మూడు పూటల తిండి, నెల తిరిగేసరికి ఇంటికి చేరే మనియార్డరు, నేర్చుకునే పని గురించి చెప్పేది ఎక్కువ. వర్షాధార సేద్యం మీద బతికే మన పల్లెల్లో ఆ మనియార్డరు దృశ్యానికి ఉన్న బలం ఎంతో చెప్పనవసరం లేదు. ప్రభుత్వం తన యువకులకు ఏం ఆశ చూపిందో, ఏది చూపకుండా దాచిందో ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి చరిత్ర చదివేవారు కూడా వీటిని వెతుకుతారు. నా మట్టుకు నాకు ఈ చిత్రాలలో అన్నిటికంటే నచ్చేది గాయం, మరణం, ఎడబాటు గురించిన ఆ మౌనమే. వ్యాఖ్యాత గొంతు ఎంత ఉత్సాహంగా ఉంటే ఆ మౌనం అంత స్పష్టంగా వినిపిస్తుంది.

అమెరికా సంగతి వేరు. 1942లో నటుడు జేమ్స్ స్టూవర్ట్ స్వయంగా కనిపించి వైమానిక దళంలో చేరమని పిలిచిన ‘విన్నింగ్ యువర్ వింగ్స్’ వంటి చిత్రాలకు, ఫెడరల్ ప్రభుత్వం తీయించినవి కావడం వల్ల, అక్కడ కాపీరైట్ లేదు. ఎవరైనా నకళ్లు తీసి అమ్ముకోవచ్చు కాబట్టి అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చిత్రం ఎవరికైనా దొరికేటప్పుడు సేకర్త ఆనాటి అసలు ప్రింట్ కోసమే డబ్బు పెడతాడు. మన చిత్రాల విషయంలో చిత్రం దొరకడమే కష్టం, అందులోనూ ప్రాంతీయ భాషలో దొరకడం మరీ కష్టం.

ఇక్కడే నా ముఖ్యమైన మాట. ఫిల్మ్స్ డివిజన్ ఒక చిత్రాన్ని అనేక భాషల్లో విడుదల చేసినప్పుడు బొమ్మ నెగెటివ్ ఒక్కటే ఉంటుంది; ప్రతి భాషకు సౌండ్ నెగెటివ్ వేరుగా ఉంటుంది. రెండింటినీ కలిపి ప్రింట్ తీస్తారు. కాబట్టి మీ రీలులోని దృశ్యాలు ఇంగ్లీషు లేదా హిందీ ప్రింట్ రూపంలో మరెక్కడైనా ఉండే అవకాశం ఎక్కువ. ఫిల్మ్స్ డివిజన్ తన చిత్రాలను చాలావాటిని యూట్యూబ్‌లో కూడా పెట్టింది, ముందుగా అక్కడ వెతకండి. తెలుగు వ్యాఖ్యానం మాత్రం తక్కువ ప్రింట్లలో ఉంటుంది, ఆ ప్రింట్లు వ్యాన్లలో తిరిగి తిరిగి అరిగిపోయి, పనికిరావని కండెమ్ అయ్యాయి. మీ చేతిలో ఉన్నదానిలో అరుదైనది అంచున ఉన్న ఆ సన్నని సౌండ్ ట్రాక్. కరీంనగర్‌లో ఒక పాఠశాల స్టోర్ రూమ్‌లో నాకు దొరికిన ప్రింట్‌లో బొమ్మ నిండా వానపడినట్టు గీతలు ఉన్నాయి, చూడటానికి విసుగు వస్తుంది. కానీ సౌండ్ చక్కగా ఉంది. ఆనాటి రేడియో వార్తల పద్ధతిలో పలికిన ఆ తెలుగు, ఆ సంస్కృత సమాసాలు, మధ్యలో తెలంగాణ పల్లెవారికి కొరుకుడు పడని మాటలు, ఇవన్నీ వింటుంటే వ్యాఖ్యానం రాసినవారు ఎవరిని ఊహించుకుని రాశారో తెలుస్తుంది. ఆ ప్రింట్‌ను నేను అమ్మలేదు.

మీ ప్రింట్‌లో సౌండ్ ఉందో లేదో ప్రొజెక్టర్ లేకుండానే తెలుస్తుంది. ఫిలింకు రెండు వైపులా రంధ్రాలు ఉంటే అది సాధారణంగా మూకీ. ఒకవైపే రంధ్రాలు ఉండి, రెండో అంచున అలల వంటి తెల్లని గీతగానీ, సన్నని అడ్డచారలుగానీ కనిపిస్తే అది సౌండ్ ట్రాక్. ఏ భాషో తెలియాలంటే టైటిల్ కార్డు చూడాలి, అయితే టైటిల్ ఇంగ్లీషులో ఉండి వ్యాఖ్యానం తెలుగులో ఉన్న ప్రింట్లు కూడా చూశాను కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

కాలం నిర్ణయించడం ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. మొదట సెన్సార్ సర్టిఫికెట్ వెతకండి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం తర్వాత బహిరంగంగా ప్రదర్శించే చిత్రం మొదట్లో సర్టిఫికెట్ బొమ్మ ఉంటుంది, దాని మీద తేదీ, నిడివి ఉంటాయి. ఆ నిడివి 35 ఎం.ఎం. లెక్కలో ఉండవచ్చు, 35 ఎం.ఎం.లో 1,000 అడుగులు 16 ఎం.ఎం.లో 400 అడుగులకు సమానం, రెండూ సుమారు 11 నిమిషాలు ఆడతాయి. సర్టిఫికెట్‌లో 1,500 అడుగులు అని ఉండి మీ రీలు 500 అడుగులే ఉంటే, 100 అడుగులు ఎక్కడో పోయాయన్నమాట. రెండోది ఫిలిం అంచు. కోడక్ ఫిలిం అయితే అంచున వృత్తం, చతురస్రం, త్రికోణం వంటి గుర్తులు ఫిలిం తయారైన సంవత్సరాన్ని చెబుతాయి, కాకపోతే అవే గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వస్తాయి కాబట్టి వాటిని దృశ్యాలతో సరిపోల్చుకోవాలి. అంచున ‘ఇందు’ అని ఉంటే అది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారు చేసినది, ఆ కంపెనీ పుట్టిందే 1960లో. ‘ఓర్వో’ అని ఉంటే తూర్పు జర్మనీ నుంచి వచ్చినది.

మూడోది బొమ్మలోని ఆధారాలు. అధికారి భుజం మీద కిరీటం గుర్తు ఉంటే 1950 జనవరి 26కు ముందు తీసిన దృశ్యం, అశోక సింహాలు ఉంటే ఆ తర్వాతది. సైన్యాధిపతిని కమాండర్-ఇన్-చీఫ్ అని వ్యాఖ్యాత పిలిస్తే 1955 ఏప్రిల్‌కు ముందుది. జీతం అణాల్లో చెబితే 1957కు ముందుది అనుకోవచ్చు. నౌకాదళ చిత్రంలో విక్రాంత్ నౌక కనిపిస్తే 1961 లేదా తర్వాత, వైమానిక దళ చిత్రంలో మిగ్-21 కనిపిస్తే 1963 లేదా తర్వాత. కాలేజీ విద్యార్థులందరూ ఎన్‌.సి.సి.లో చేరడం తప్పనిసరి అనే మాట వినిపిస్తే దానిని దాదాపుగా 1963, 1968 మధ్యకు కుదించవచ్చు, ఎందుకంటే చైనా యుద్ధం తర్వాత పెట్టిన ఆ నిబంధన 1968లో పోయింది. జవాన్ల చేతుల్లో పాత .303 రైఫిళ్లు ఉన్నాయా, ఆ తర్వాత వచ్చిన ఎస్.ఎల్.ఆర్. (సెల్ఫ్ లోడింగ్) రైఫిళ్లు ఉన్నాయా అన్నది కూడా ఇదే పద్ధతిలో పనికొస్తుంది. ఒక హెచ్చరిక: డాక్యుమెంటరీ తీసేవారు పాత దృశ్యాలను కొత్త చిత్రాల్లో యథేచ్ఛగా వాడేవారు, కాబట్టి చిత్రంలోని అన్నిటికంటే కొత్త వస్తువు ఏదో దాని మీదే లెక్క కట్టాలి.

నిజమైన భర్తీ చిత్రానికీ సైన్యం గురించిన మామూలు డాక్యుమెంటరీకీ తేడా చివరి అర నిమిషంలో ఉంటుంది. భర్తీ చిత్రం చివర సమీపంలోని భర్తీ కార్యాలయాన్ని సంప్రదించమనే పిలుపు ఉంటుంది. మెషీన్‌లో ఫిలిం ఎక్కించేటప్పుడు మొదలు, రీలు విప్పేటప్పుడు కొస, ఈ రెండే ముందుగా చిరిగేవి. ఆపరేటర్లం చిరిగిన ముక్క కత్తిరించి జాయింట్ వేసేవాళ్లం. అందువల్ల టైటిల్, చివరి పిలుపు రెండూ ఉన్న ప్రింట్‌కు సేకర్తలు మధ్యభాగం ఎంత బాగున్నా ఇవ్వని ధర ఇస్తారు.

స్థితి విషయానికి వస్తే, డబ్బా మూత తీయగానే సిర్కా (వెనిగర్) వాసన వస్తుందేమో చూడండి. ఇలాంటి రీళ్లకు వాడిన అసిటేట్ ఫిలిం తేమకూ వేడికీ కుళ్లుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా వేగం చేస్తుంది. పక్క రీళ్లకు కూడా అంటుతుంది. వాసన వచ్చే రీళ్లను వెంటనే వేరే గదిలో పెట్టండి, వాటిని ముందుగా నకలు తీయించండి. ఆ కుళ్లును పోగొట్టడం సాధ్యం కాదు, నెమ్మదింపజేయగలం అంతే. మన వేసవిలో రేకుల కింద, అటక మీద ఫిలిం ఉంచడం దానిని చంపడమే. కింది గదిలో, గోడకు ఆనకుండా, గాలి ఆడే అలమరలో పెట్టండి. పాలిథిన్ సంచిలో కట్టి బిగించకండి, కలరా ఉండలు వేయకండి. తుప్పు పట్టిన డబ్బాలు మార్చండి, అయితే వాటి మీది చీటీలను ఫోటో తీసి భద్రపరచండి. రంగు చిత్రం మొత్తం ఎర్రబారి ఉంటే అది ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లకు మామూలు జబ్బు, మిగతా రంగులు వెలిసి ఎరుపు మిగులుతుంది. ధర తగ్గుతుంది కానీ సౌండ్‌కు నష్టం లేదు. ప్రొజెక్టర్ మీద మాత్రం ఎక్కించకండి. ముడుచుకుపోయిన ఫిలిం రంధ్రాలు పళ్లకు సరిపోక వరసగా చిరుగుతాయి. పళ్లు లేకుండా రోలర్ల మీద నడిచే స్కానర్ ఉన్నవారి దగ్గరే పని చేయించండి, సౌండ్ ట్రాక్‌ను కూడా తీస్తారా అని ముందే అడగండి. కొందరు బొమ్మ మాత్రమే తీసి చేతికిస్తారు.

16 ఎం.ఎం. ఫిలింను మొదటి నుంచి సులభంగా అంటుకోని సేఫ్టీ బేస్ మీదే తయారు చేశారు కాబట్టి మీకు అగ్ని భయం లేదు. ఇది చదువుతున్న మరెవరికైనా మూతపడిన థియేటర్లో 1950ల మొదటికి ముందునాటి 35 ఎం.ఎం. రీలు దొరికితే మాత్రం, అంచున ‘సేఫ్టీ’ అని లేనట్లయితే, అది ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిలిం కావచ్చు. దాని మంట నీళ్లు పోసినా ఆరదు. 2003లో పుణెలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్ నైట్రేట్ ప్రింట్లు అలాగే కాలిపోయాయి. ఇంట్లో ఉంచుకోకుండా ఆ ఆర్కైవ్‌కే రాయండి.

చట్టం విషయంలో మూడు సంగతులు. ప్రభుత్వ చిత్రానికి కాపీరైట్ విడుదలైన ఏడాదికి తర్వాతి ఏడాది నుంచి 60 సంవత్సరాలు. 1963లో విడుదలైన దాని హక్కు 2023 చివరితో ముగిసింది. ఆ 60 ఏళ్లు ఇంకా నిండని చిత్రాలను ఇంటర్నెట్‌లో పెట్టాలంటే, ఇప్పుడు ఫిల్మ్స్ డివిజన్ విలీనమైన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.) అనుమతి కావాలి. రీలును సొంతం చేసుకోవడం వేరు, చిత్రం హక్కు వేరు. రెండోది, మీ తాతగారివి శాఖ ప్రింట్లు. పనికిరావని కండెమ్ చేసి వేలం వేసినవి ఎన్నో బయటికి వచ్చాయి, మీవీ అలాంటివే కావచ్చు. ట్రంకులో వేలం రసీదు, కండెమ్ జాబితా, ఆఫీసు కాగితం ఏది కనిపించినా జాగ్రత్త చేయండి, పేరున్న సేకర్త మొదట అడిగేది అదే. మూడోది, ఏ డబ్బా మీదైనా, టైటిల్‌లోనైనా ‘రెస్ట్రిక్టెడ్’ అని ఉంటే అది ప్రజల కోసం తీసిన భర్తీ చిత్రం కాదు, సైన్యం తన లోపలి శిక్షణ కోసం వాడుకున్నది. దానిని అమ్మకండి, ఫోటోలు కూడా పెట్టకండి. మీ ప్రాంత సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించి వారు చెప్పినట్టు అప్పగించండి.

ఇక ఫోన్ చేసిన ఆయన గురించి. చూడకుండా మొత్తం కొనేవాడు సాధారణంగా డబ్బాల లెక్కన కొంటున్నాడు, అందులో ఏముందో ఆయనకు కూడా తెలియదు. జుమ్మెరాత్ బజార్‌లోనో ఎర్రగడ్డ ఆదివారం అంగడిలోనో విడివిడిగా అమ్ముతాడు, భాష తెలియని కొనుగోలుదారుడి దగ్గర మీ తెలుగు సౌండ్ ఎవరూ వినకుండా పడి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిలింలోని వెండి కోసం కొని కడిగేసేవారు కూడా ఒకప్పుడు ఉండేవారు, మన దేశంలో తొలినాటి సినిమాలు ఎన్నో అలాగే పోయాయి. ఆయనను మీ ఇంటికి వచ్చి రీళ్లు చూడమనండి, ఏ రీలుకు ఎంత ఇస్తాడో విడిగా చెప్పమనండి. ధర నేను ఇక్కడ చెప్పను, ఎందుకంటే టైటిల్, కొస, వాసన, భాష తెలియకుండా చెప్పే ఏ ధరైనా ఊహే అవుతుంది. డబ్బు అవసరం లేకపోతే నా సలహా ఇది: స్కాన్ తీయించుకుని నకలు మీ ఇంట్లో ఉంచుకోండి, అసలు ప్రింట్‌ను పుణె ఆర్కైవ్‌కు ఇవ్వండి, మన వేసవిని తట్టుకునే చల్లని గది మనలో ఎవరి ఇంట్లోనూ లేదు. అవసరం ఉంటే నకలు తీసిన తర్వాత అమ్మండి, అందులో తప్పు లేదు.

ప్రతి రీలు మొదటి మూడు అడుగులను ఫోన్‌లో తెల్లటి తెర పెట్టి, దాని మీద పరచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అంచు గుర్తులు, సర్టిఫికెట్, టైటిల్ స్పష్టంగా కనిపించాలి. డబ్బాలో సిర్కా వాసన ఉందో లేదో కూడా రాయండి. అవి చూశాక ఏ రీలును ముందు స్కాన్‌కు పంపాలో చెబుతాను.